ఎనిమిది కేజీల దగ్గర

బ్రాడీపేట నాలుగో లైను, లేడీస్ హాస్టలు.
పై అంతస్తు గీజరు గొణుగుతోందని
పొద్దున్నే ఫోను.

సంచి భుజానేసుకుని మెట్లెక్కేసరికి
అనసూయమ్మగారు గుమ్మంలోనే అందుకున్నారు:
"మొన్నటిదాకా చుక్కచుక్కగా కారేది.
ఎం-సీల్ పెట్టి నేనే ఆపేశా.
ఇప్పుడీ చప్పుడేందయ్యా?"

సంచిలో పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ముందు స్విచ్చి కట్టెయ్యండమ్మా."

లోపల్నించి ఒకమ్మాయి విసుక్కుంటూ వచ్చింది,
తలనిండా షాంపూ నురగ.
వినుకొండ పిల్లంట, ప్రవల్లిక,
డాక్టరు సీటుకి రెండోసారి చదువుతోందంట.

వేడి కుళాయి పిసరంత తిప్పాను.
బుస్సుమంది.
ఆ బుస చల్లారేదాకా
ముగ్గురం మాట్లాడలేదు.

ఇదిగో, బొటనవేలంత ఇత్తడి ముక్క.
చన్నీళ్లు డ్రమ్ములోకి దూరే చోట కూచుంటది.
లోపల రెండు తలుపులు.
ఒకటి నీళ్లని లోపలికి రానిస్తది, వెనక్కి పోనియ్యదు.
రెండోదాన్ని స్ప్రింగు నొక్కిపట్టి ఉంటది,
మిర్చి యార్డులో టిక్కీ మూతి మీద
మోకాలు మోపిన హమాలీలాగా.

నీళ్లు కాగితే ఉబ్బుతాయి.
మన కంటికి ఆనదు గానీ
ఈ పదిహేను లీటర్లకి
ఓ గ్లాసెడు ఎక్కువవుతాయి.
ఆ గ్లాసెడుకి లోపల చోటు లేదు
వెనక్కి దారి లేదు.
నాలుగు కేజీలు,
ఆరు,
ఏడు,
ఎనిమిది దగ్గర హమాలీ మోకాలు సడలుద్ది.
టిక్.
ఒక చుక్క.
మళ్లీ బిగుసుకుంటది.

"అయినా నీళ్లు నొక్కితే నొక్కుకోవు గదా అంకుల్,
ఇన్‌కంప్రెసిబుల్" అంది పిల్ల.
"అందుకేనమ్మా" అన్నాను.
పదో తరగతి తప్పినోణ్ణి.
సంగతి ఇరవై ఏళ్లుగా తెలుసు,
దానికంత పెద్ద పేరుందని ఇప్పుడే తెలిసింది.

మిగతాది పిల్ల ముందు చెప్పలేదు.
థర్మోస్టాట్ మొండికేస్తే కరెంటు ఆగదు.
నూరు దాటినా లోపలి నీళ్లు మరగవు,
ఆ బిగింపు మరగనియ్యదు.
ఎక్కడో వెల్డింగు వెంట్రుకంత చీలితే
అప్పుడు మరుగుతాయి, అన్నీ ఒక్కసారే.
మూడు చెంబుల నీళ్లు చాలు
ఈ బాత్రూం మొత్తం ఆవిరే.

పట్టాభిపురంలో చూశానొకసారి.
స్లాబుకి కన్నం,
కన్నంలోంచి ఆకాశం,
ఆకాశంలో పక్కింటోళ్ల డిష్ యాంటెన్నా.
ఆ పూట ఇంటివాళ్లు పెళ్లికెళ్లారు కాబట్టి సరిపోయింది.
వాళ్లు కూడా చుక్క కారుతోందని
వాల్వు తీయించి బిరడా కొట్టించారు.
కొట్టినోడు నాకు తెలుసు.
వాడిప్పుడు గీజర్లు ముట్టుకోడు, ఫ్యాన్లు చూసుకుంటన్నాడు.

ఎం-సీల్ ఉలితో రాల్చాను.
లివరు ఎత్తబోతే లేవలేదు.
గుంటూరు బోరు నీళ్లాయె,
తలుపు చుట్టూ సున్నం, పాత గోడకి కట్టినట్టు.
ఇట్టాంటిది కారకుండా ఉంటే
అందరూ బాగుందనుకుంటారు.

కొత్తది వేశాను. నాలుగొందల యాభై.
ఆవిడ మూడొందలంది.
నాలుగొందల దగ్గర తెగింది.
సన్నపైపు తగిలించి తూము దాకా దించాను.
"దీని మూతి మూయొద్దు. మడవొద్దు.
నెలకోసారి ఈ లివరు ఎత్తి
నీళ్లొస్తన్నాయో లేదో చూడండి."
ఆవిడ తలూపింది.
పిల్ల మాత్రం
షాంపూ ఎండిపోయిన జుట్టుతోనే
లివరు ఎత్తి చూసింది, దించింది,
మళ్లీ ఎత్తింది.

రాత్రి పదకొండుకి ఫోను.

"ఏమయ్యా కాశిం వలీ,
నాలుగొందలు పోసిన కొత్తది కూడా కారుతోంది!"

"ఎంతమ్మా?"

"చుక్క. ఆగి ఆగి ఇంకో చుక్క."

వెనకాల ఎవరో ఆడపిల్ల గొంతు,
"అది పనిచేస్తోంది మేడం" అంటా ఉంది.

"కారనియ్యండమ్మా" అన్నాను.

ఆవిడ ఇంకో పావుగంట తిట్టింది.
తిట్టనిచ్చాను.